బాణీ పాతదే, పాట ఈ రాత్రిది



పాత పాటలు వింటారా, కొత్తవి వింటారా అని ఎవరినైనా అడిగి చూడండి. జవాబు నాలుక చివరే ఉంటుంది. ఇప్పటి పాటల్లో చప్పుడు తప్ప ఏముందండీ అని పెద్దలు. ఆ ఏడుపు పాటలు ఇంక కట్టెయ్ నాన్నా అని పిల్లలు. ప్రతి ఇంట్లోనూ ఈ తగువు ఉన్నదే.

నేను బస్తర్‌లోని బైలదిల్లా కొండల కింద కిరందుల్‌లో, గని కాలనీలో, తెలుగు కుటుంబాల మధ్య పెరిగాను. 1960ల్లో కొత్తవలస నుంచి కిరందుల్ దాకా రైలు దారి పడింది. ఇనుప ఖనిజం విశాఖ రేవుకు దిగడం మొదలుపెట్టింది, అదే దారిన ఆంధ్ర నుంచి మనుషులు పైకి వచ్చారు. వాళ్ల సామాన్లతో పాటు రేడియోలూ వచ్చాయి. సిలోన్ స్టేషన్ దొరికితే చాలు, మీనాక్షి పొన్నుదురై గారి తెలుగు వినడానికి ఇరుగుపొరుగు కూడా మా వరండాలోకి చేరేవారు. 1974 ఫిబ్రవరిలో ఘంటసాల కన్నుమూశాక తెలుగు పాట పని అయిపోయిందని బాధపడ్డ పెద్దలు మా వీధిలో ఉండేవారు. 1966 నుంచే సినిమాల్లో పాడుతున్న బాలసుబ్రహ్మణ్యం వాళ్ల దృష్టిలో ఇంకా కొత్త కుర్రవాడే. 2020 సెప్టెంబరులో ఆ బాలు వెళ్లిపోయినప్పుడు, అదే మాట నా ఈడు వాళ్లు అన్నారు. పాట అయిపోయింది అన్నారు.

ఇందులో వింత లేదు. 1989లో మోరిస్ హోల్‌బ్రూక్, రాబర్ట్ షిండ్లర్ అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు రకరకాల వయసుల వాళ్లకు రకరకాల కాలాల పాటలు వినిపించి, ఏది నచ్చిందో అడిగారు. తమకు 23, 24 ఏళ్లు ఉన్నప్పుడు ఊరంతా మోగిన పాటలకే ఎక్కువమంది మొగ్గారని వాళ్లు తేల్చారు. మనం గొప్ప పాటల కాలం అనేది చాలావరకు మన వయసు కాలమే.

అయితే వాళ్లు అడిగింది వినేవాళ్లను. పాడేవాళ్లను అడిగితే ఏమంటారు? వాళ్ల కోసం నేను ఎక్కడికీ పోనక్కర్లేదు. బస్తర్‌లోనే ఉన్నాను.

బస్తర్ అంటే ఇప్పుడు ఛత్తీస్‌గఢ్‌లో ఒక జిల్లా పేరు. ఒకప్పుడు కేరళ కంటే కాస్త పెద్ద జిల్లా అది. కాంకేర్, కొండగావ్, నారాయణ్‌పూర్, దంతెవాడ, బీజాపూర్, సుక్మా అన్నీ అందులోవే. ఈ నేలకు తెలుగుతో చుట్టరికం రైలు దారి కంటే చాలా పాతది. 1323లో ఓరుగల్లు పడిపోయాక ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు ఇటు వచ్చి రాజ్యం నిలబెట్టాడని ఇక్కడి రాజవంశం చెప్పుకుంటుంది. కుంట దగ్గర, భోపాలపట్నం దగ్గర దోర్లా వాళ్ల మాటల్లో తెలుగు ఇప్పటికీ వినిపిస్తుంది. వాళ్లకు శబరి అవతల, గోదావరి అవతల కోయలు చుట్టాలు.

ఇక్కడి పాట గురించి చెప్పాలంటే ఘోటుల్‌తో మొదలుపెట్టాలి. మురియా గోండుల ఊళ్లలో పెళ్లికాని యువతీ యువకులు సాయంత్రం పనులయ్యాక చేరే ఇల్లు ఘోటుల్. కుర్రవాళ్లను చెలిక్ అంటారు, ఆడపిల్లలను మోటియారి అంటారు. బయటివాళ్లు ఘోటుల్ గురించి రాసిన వాటిలో సగం ఆ పిల్లల సరసాల చుట్టూనే తిరిగింది. నాకు అది అన్యాయంగా తోస్తుంది. ఘోటుల్ ప్రధానంగా ఒక బడి. ఎవరు ఊడవాలి, ఎవరు కట్టెలు తేవాలి, పెళ్లిలో చావులో ఊరికి ఎవరు ఏ సాయం చేయాలి, ఇవన్నీ అక్కడే నేర్చుకుంటారు. అన్నిటికంటే ఎక్కువగా నేర్చుకునేది పాట. దాన్ని స్థాపించినవాడు లింగో పెన్ అనే దేవుడని, ఆయన పద్దెనిమిది వాద్యాలు ఒక్కసారే వాయించేవాడని గోండుల కథ. ఒక జాతి తన మొదటి గురువును వాద్యకారుడిగా ఊహించుకున్నదంటే, పాటకు అక్కడ ఏ పీట వేశారో చూడండి.

మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ 1940ల మొదట్లో ఈ ఊళ్లు తిరిగి, 1947లో మురియాల మీద లావుపాటి పుస్తకం అచ్చు వేశాడు. ఆయన వర్ణించిన వాటిలో నాకు చాలా ఇష్టమైనవి ఆటల యాత్రలు. పూస్ మాసంలో, అంటే మన పుష్యంలో, కుర్రవాళ్లు కర్రలు పట్టుకుని ఊరూరా కోలాటం ఆడుతూ పోతారు. దాన్ని పూస్ కోలాంగ్ అంటారు. దీపావళికి ఆడపిల్లలు జట్టుగా పక్క ఊళ్లకు ఆడటానికి పోతారు. తమ పాట అక్కడ పాడతారు, అక్కడి పాట నేర్చుకుని వస్తారు. రేడియో లేని రోజుల్లో, రోడ్డు లేని చోట, కొత్త పాట కాలినడకన ఇలా ఊరు దాటేది. కొత్త పాట ఎక్కడ దొరుకుతుందని అడిగితే, పక్క ఊరివాళ్ల నోట్లో దొరుకుతుందన్నది వాళ్ల జవాబు.

హుల్కీ అని ఒక ఆట ఉంది. అందులో ఒక వరస పాటతో ప్రశ్న వేస్తే, ఎదుటి వరస పాటతోనే జవాబు చెప్పాలి. ప్రశ్న ఎటు నుంచి వస్తుందో ముందు తెలియదు. జవాబు అప్పటికప్పుడు కట్టాలి. బాణీ మాత్రం అందరికీ తెలిసినదే, తాతముత్తాతల నాటిదే. పల్లవి అందరిదీ, అడుగు అందరిదీ. చరణం మటుకు ఈ రాత్రిది. సంతలో ఎవరు ఏమి కొన్నారు, వచ్చిన సర్కారు మనిషి ఎలా నడిచాడు, అలిగి కూర్చున్న పిల్ల ఎవరు, ఇవన్నీ చరణాల్లోకి వస్తాయి. రేపు రాత్రికి అందులో సగం మరిచిపోతారు. మరిచిపోయినందుకు ఎవరికీ దిగులు లేదు, రేపు మళ్లీ కట్టగలరు కాబట్టి.

ఆ పాట పాతదా, కొత్తదా? ఆ ప్రశ్నకు అక్కడ చోటు లేదు. బాణీ పాతది కాబట్టే పదిమందీ వెంటనే అందుకోగలుగుతారు. మాట కొత్తది కాబట్టే పదిమందీ చెవి ఒగ్గి వింటారు. ఒకటి లేకపోతే రెండోది నడవదు. నా మాటల్లో చెబితే, పాటకు బదులు పాడగలిగినంత కాలం పాతా కొత్తా తగువు పుట్టదు. బదులు పాడటం మానేసి, కూర్చుని వినడం మొదలుపెట్టినవాళ్లకే ఏది మంచిదన్న పంచాయితీ వస్తుంది.

రేలా అన్న పల్లవి మీకు తెలిసే ఉంటుంది. గోండీ, కోయ పాటల్లో తిరిగే ఆ పలుకు గోదావరి దాటి తెలుగులోకి వచ్చింది. ఉద్యమ పాటలవాళ్లు తీసుకున్నారు, తెలుగు టీవీలో ఒక జానపద కార్యక్రమానికి అదే పేరైంది. ఈ అడవిలో అయితే ఆ బాణీలను అందరూ వాడుకున్నారు. తుపాకి పట్టినవాళ్లు తమ మాటలు పెట్టుకున్నారు, ఎన్నికలకు వచ్చినవాళ్లు తమ మాటలు పెట్టుకున్నారు, టీకాలు వేయించుకోమని చెప్పేవాళ్లూ పెట్టుకున్నారు. బాణీ అందరినీ మోసింది. ఆ మాటల్లో ఏవి నిలిచాయన్నది ఊళ్లు తేల్చుకుంటాయి.

ఇంతమాత్రం చెప్పి ఆపితే, బస్తర్‌లో ప్రతిదీ రాత్రికి రాత్రి మారిపోతుందనుకుంటారు. మారని పాట కూడా ఇక్కడే ఉంది, దాని కాపలా చాలా గట్టిది.

మోహరి అని సన్నాయి వంటి వాద్యం. గాండా కులస్థులు వాయిస్తారు. పక్కన నగారా, తుడుబుడి ఉంటాయి. జాతరలో ఒక్కో దేవతకు ఒక్కో వాయింపు ఉంది. దాన్ని పాడ్ అంటారు. ఈ దేవత పాడ్ ఆ దేవతకు పనికిరాదు. సరైన పాడ్ మోగితేనే దేవత సిరహా మీదికి, అంటే పూనకం వచ్చే మనిషి మీదికి, దిగుతుందని నమ్మకం. పెళ్లిలోనూ అంతే, ఒక్కో ఘట్టానికి ఒక్కో వాయింపు. కొత్తగా వాయిద్దామన్న సరదా అక్కడ చెల్లదు. బస్తర్ దసరా 75 రోజుల పండుగ. రావణుణ్ణి తగలబెట్టడం ఇక్కడ లేదు, పండుగంతా దంతేశ్వరి అమ్మవారిది. ఊరూరి నుంచి దేవతలు జగదల్‌పూర్ చేరినప్పుడు వాటి వెంట వాటి వాద్యాలూ వస్తాయి. ఆ రోజుల్లో వీధి మలుపులో నిలబడితే నాలుగు వైపుల నుంచి నాలుగు పాడ్‌లు మీద పడతాయి. వాటిని విడదీసి గుర్తుపట్టే ముసలివాళ్లను చూశాను. నా చెవికి ఆ విద్య రాలేదు.

ధనకుల్ ఇంకో అద్భుతం. కుండ మీద చేట బోర్లించి, చేట మీద విల్లు ఆనించి, విల్లుకున్న గాట్ల మీద వెదురు పుల్లతో గీస్తూ, మరో చేత్తో నారి మీటుతారు. అన్నీ ఇంట్లో ఉండే వస్తువులే. వాయించేది, పాడేది ఆడవాళ్లు. వాళ్లను గురుమాయ్ అంటారు. వాళ్లు హల్బీ భాషలో పాడే జగార్ కథలు రాత్రుల తరబడి సాగుతాయి. లక్ష్మీ జగార్‌లో లక్ష్మి అంటే ధాన్యమే. కథ చివర పొలం నుంచి వరి వెన్నులు తెచ్చి నారాయణుడికిచ్చి పెళ్లి చేస్తారు. పాట్ గురుమాయ్ ముందు పాడితే, చేలీ గురుమాయ్, అంటే శిష్యురాలు, వెంట అందుకుంటుంది. అలా అందుకుంటూ అందుకుంటూ ఏళ్ల మీద ఆ కథ ఆమె నోటికి వచ్చేస్తుంది. కాగితం లేదు, పరీక్ష లేదు. కొండగావ్ రచయిత హరిహర్ వైష్ణవ్, ఆస్ట్రేలియా మానవశాస్త్రవేత్త క్రిస్ గ్రెగరీ కలిసి సుక్‌దాయి కొర్రామ్ అనే గురుమాయ్ పాడిన లక్ష్మీ జగార్‌ను అక్షరాల్లో పెట్టి 2003లో పుస్తకంగా తెచ్చారు. వైష్ణవ్ గారు ఇప్పుడు లేరు. ఆయన జీవితంలో ఎక్కువ భాగం ఇలాంటి గొంతుల దగ్గర కూర్చుని గడిపారు. బస్తర్ ఆయనకు చాలా రుణపడి ఉంది.

అంటే ఇక్కడి మనిషికి పాట విషయంలో రెండు రకాల బాధ్యతలు. దేవత ముందు ఒక్క స్వరం తప్పకూడదు. తోటివాళ్ల ముందు నిన్నటి చరణమే పాడి తప్పించుకోకూడదు. ఈ రెండూ ఒకే మనిషికి వచ్చి ఉండాలి. నా దృష్టిలో సంగీత సంస్కారం అంటే ఇదే.

ఇప్పుడు బాధ కలిగించే సంగతి. ఘోటుళ్లు చాలా ఊళ్లలో మూతపడ్డాయి. హాస్టళ్లు వచ్చాయి, పిల్లలు చదువుకు వెళ్లారు. అది తప్పని నేను అనను, చదువు కావలసిందే. కానీ హాస్టల్‌లో సాయంత్రం పూట వాళ్ల పాటకు చోటు ఎవరూ పెట్టలేదు. 2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా, సర్కారు అండతో సల్వా జుడుం మొదలయ్యాక దక్షిణ బస్తర్‌లో ఊళ్లకు ఊళ్లే ఖాళీ అయ్యాయి. కొందరు శిబిరాలకు చేరారు. మరికొందరు అడవి దాటి ఖమ్మం, వరంగల్ జిల్లాల వైపు వెళ్లి గుడిసెలు వేసుకున్నారు. 2011 జులైలో సుప్రీం కోర్టు ఆ ఏర్పాటు రాజ్యాంగ విరుద్ధమని తీర్పు ఇచ్చింది, కానీ చెదిరిన ఊరు తీర్పుతో తిరిగి కూడదు. ప్రశ్న వేసే వరస ఒకచోట, జవాబు చెప్పే వరస మరోచోట పడితే హుల్కీ ఎలా ఆడతారు?

పెళ్లిళ్లలో డీజే పెట్టెలు వచ్చాయి. ట్రాక్టర్ మీద ఇంటెత్తు స్పీకర్లు, గుండె అదిరే చప్పుడు. కుర్రవాళ్లు సంతోషంగా ఆడుతున్నారు, ఆడనివ్వండి. నా గొడవ ఆ పాటలు కొత్తవని కాదు. మోహరి వాయించే కుటుంబానికి ఆ రోజు పిలుపు రాలేదు. పిలుపు రాకపోతే వాయించేవాడు కూలికి పోతాడు. తండ్రి కూలికి పోతే కొడుకు పాడ్ నేర్చుకోడు. ఒక తరంలో జరిగిపోతుంది ఇది. గోదావరి అవతల కోయల డోలి వాయించి సమ్మక్క సారలమ్మ కథ పాడిన సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. మణుగూరు మండలం కూనవరం వాస్తవ్యులు ఆయన. కోయలోనూ, తెలుగులోనూ పడిగె కథలు చెప్పగలిగిన అతికొద్దిమందిలో ఒకరు. 2024లో ఆయన పోయారు. పద్మశ్రీ మంచిదే, కానీ దానికంటే ముందు రావలసినవాడు పక్కన కూర్చుని అందుకునే శిష్యుడు.

కొత్తదాని మీద నాకు కోపం లేదని మరోసారి చెప్పాలి, ఎందుకంటే ఈ అడవిలో కొత్తది చేసిన మేలు నేను చూశాను. 2010లో పాత్రికేయుడు శుభ్రాంశు చౌదరి, ఆయన మిత్రులు సీజీనెట్ స్వర అని ఒకటి మొదలుపెట్టారు. ఒక నంబరుకు మిస్డ్ కాల్ ఇస్తే తిరిగి ఫోన్ వస్తుంది. మీ ఊరి చేతిపంపు పాడైన సంగతి చెప్పొచ్చు, లేదా పాట పాడొచ్చు. గోండీలో కూడా. ఇంటర్నెట్ లేని ఊళ్లలో ఆ రికార్డింగులను ఫోను నుంచి ఫోనుకు బ్లూటూత్‌తో పంచుకునేవారు. దానికి బుల్టూ రేడియో అని పేరు పెట్టుకున్నారు. పూస్ కోలాంగ్ యాత్రలో కర్రలు పట్టుకుని నడిచిన పాట, ఇప్పుడు సంతలో రెండు ఫోన్లు దగ్గర పెడితే దాటుతోంది.

2021లో సుక్మా జిల్లా కుర్రవాడు సహదేవ్ దిర్దో పాట దేశమంతా మోగింది. బడిలో అంతకు రెండేళ్ల ముందు నిలబడి పాడిన వీడియో అది. పాడింది గుజరాత్ గాయకుడి పాట. ఫోనులో విని నేర్చుకున్నాడు. ర్యాప్ గాయకుడు బాద్‌షా అతనితో కలిసి దాన్ని మళ్లీ విడుదల చేశాడు. చాలామంది నవ్వుకున్నారు. నేను ఆ వీడియోను వేరేగా చూశాను. ఎక్కడిదో పాట చెవిన పడితే, విని ఊరుకోకుండా లేచి నిలబడి తన గొంతుతో పాడాడు ఆ పిల్లవాడు. అది బస్తర్ అలవాటే. నా చింత ఒక్కటే: ఆ బడిలో ఆ రోజు అదే పిల్లవాణ్ణి తన ఊరి పాట కూడా పాడమని అడిగినవాళ్లు ఉన్నారా?

అడిగినవాళ్లూ ఉన్నారు, ఇతర చోట్ల. హబీబ్ తన్వీర్ నాటక బృందంలో పనిచేసిన అనూప్ రంజన్ పాండే బస్తర్ వాద్యాలను ఊరూరా వెతికి, వేర్వేరు తెగల కళాకారులను ఒకే వేదిక ఎక్కించి బస్తర్ బ్యాండ్ కట్టారు. 2019లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2025లో నారాయణ్‌పూర్ జిల్లా గఢ్‌బెంగాల్‌కు చెందిన పండీరామ్ మండావికి పద్మశ్రీ ఇచ్చారు. ఆయన చేసే సులుర్ అనే వెదురు పిల్లనగ్రోవిని ఊదరు. చేత్తో పట్టి గాలిలో తిప్పితే మోగుతుంది. బస్తర్ బ్యాండ్ మీద నాకు చిన్న అభ్యంతరం ఉంది. వేదిక మీద గంటన్నరలో అన్ని తెగల వాద్యాలూ కలిపి వినిపిస్తే, ఏది దేవతదో, ఏది ఆటదో శ్రోతకు తెలియదు. అయినా ఆ వేదిక లేకపోతే కొన్ని వాద్యాలు అటకెక్కేవి. కాబట్టి అభ్యంతరం పక్కన పెట్టి నమస్కారం చేస్తాను.

రేడియో గురించి రేడియోలోనే ఒక మాట చెప్పాలి. 1952లో కేస్కర్ కేంద్ర సమాచార ప్రసార మంత్రిగా ఉండగా ఆకాశవాణిలో సినిమా పాటలకు దాదాపు తలుపులు మూశారు. జనం రుచి బాగుచేద్దామన్నది ఆయన ఉద్దేశం. జనం సిలోన్‌కు వెళ్లిపోయారు. అమీన్ సయానీ గీత్‌మాలా అలా ఇంటింటి పాటైంది. 1957 అక్టోబరు 3న వివిధ్ భారతి పెట్టాక గానీ శ్రోతలు వెనక్కి రాలేదు. పై నుంచి ఎవరూ రుచిని నిర్ణయించలేరని అప్పుడే తేలింది. ఇప్పుడు ఫోనులో మనం విన్నదాన్ని బట్టి అలాంటిదే మరొకటి వినిపిస్తున్న యంత్రాలు కూడా ఒక విధంగా రుచిని నిర్ణయిస్తున్నవే. తెలియని ఊరి పాట అవి మన దగ్గరకు తేవు. 1977 నుంచి పనిచేస్తున్న జగదల్‌పూర్ ఆకాశవాణి మాత్రం హల్బీ, గోండీ పాటలను ఎవరూ అడగకపోయినా వేస్తూ వచ్చింది. అడగనిది వినిపించడం రేడియో చేయగల గొప్ప పని.

జగదల్‌పూర్, కిరందుల్, బచేలీల్లో ఉన్న తెలుగువాళ్లకు నా విన్నపం ఇది. మనం ఇక్కడికి వచ్చి రెండు మూడు తరాలైంది. ఘంటసాలను మోసుకొచ్చాం, మంచిదే. పక్కింటి హల్బీ పాట ఒక్కటి మన పిల్లలకు వచ్చా? ఈసారి మన ఇంట్లో పెళ్లికి డీజే పెట్టుకోండి, కాదనను. కానీ ఎదుర్కోలుకు ఒక గంట మోహరి వాళ్లను పిలవండి, డీజేకు ఇచ్చే దాంట్లో కొంత వాళ్ల చేతిలో పెట్టండి. వాళ్ల అబ్బాయిని కూడా వెంట తెమ్మనండి, వాడికీ విడిగా ఇవ్వండి. గోదావరి వైపు శ్రోతలకు ఇంకో మాట. భద్రాచలం, ములుగు అడవుల అంచున బస్తర్ నుంచి వచ్చి స్థిరపడినవాళ్ల గుడిసెలు ఉన్నాయి. అక్కడి బడుల్లో పనిచేసే పంతుళ్లూ, పంతులమ్మలూ, వారానికి ఒక్క పూట ఆ పిల్లల చేత వాళ్ల భాషలో పాడించండి. పాడాక చప్పట్లతో సరిపెట్టకుండా, మీకు వచ్చిన పాట ఒకటి బదులు పాడండి.